కుడి తలుపు

ఇరవై రెండేళ్లు
నేను కుడి తలుపు మాత్రమే బిగించాను.
ట్రబాంట్ కారు గురించి ఎవరడిగినా
నాకు తెలిసింది అంతే:
రెండు మడతబందులు, కొన్ని మరలు,
మోకాలితో ఒక చిన్న తోపు,
దగ్గరికేస్తే డొల్లగా ఒక చప్పుడు.
త్స్వికావ్ ఊరంతా కలిసి చేసిన కారులో
నా వాటా ఒక రెక్క.

ఇప్పుడు వంటింటి బల్ల మీద
కారు మొత్తం నాదే.
ఏటి ఒడ్డున ఆదివారం సంతలో
తొమ్మిది యూరోలు, మూల చివికిన పెట్టె.
మూత తీస్తే, చట్రాలకు కాయల్లా వేలాడుతూ ముక్కలు,
ప్రతి కాయకీ ఒక అంకె.
ఇరవై నాలుగో వంతు. జానెడైనా లేదు.

పత్తి పిప్పీ జిగురూ కలిపి ఒత్తిన ఒళ్లు దానిది,
అట్టకారు అని నవ్వేవాళ్లు.
ప్లాస్టిక్‌తో నమూనా చేస్తే
ఈ ఒక్క బండికి అది మోసం కాదు.

మొదటి వారం ఇంజను.
ఎన్నేళ్లు పక్క షెడ్డులో దాని దగ్గు విన్నానో,
మొహం చూడ్డం ఇప్పుడే.
పాత టెలిఫోను వైరు ఒలిచి నరాలు పెట్టాను.
పట్టకారు జారి ఒక హెడ్‌లైటు
స్టవ్ కిందికో, ఇంకో లోకానికో ఎగిరిపోయింది.
మోకాళ్ల మీద వెతికితే దొరికాయి
ఒక ఎండు బఠాణీ,
రోస్‌విథా చెవికమ్మ రాయి.
బఠాణీ పారేశాను.

రంగుకు ముందు ఒంటిని చేతిలోకి తీసుకున్నాను.
తలుపు లేదు.
ఒంటితో కలిపి పోసేశారు.
వెంట్రుకంత గీత ఒకటి,
ఇక్కడ తలుపుందనుకో అని.
సూచనల కాగితం రెండువైపులా తిరగేశాను.
నా ఉద్యోగం మొత్తం ఒక గీత.

బ్లేడు వీపుతో ఆ గీతనే గీశాను,
నలభైసార్లు, యాభైసార్లు.
తొందరపడితే కిటికీ పక్క కమ్మీ పుటుక్కుమంటుంది.
పుటుక్కుమంది.
జిగురు, ఒక రాత్రి, మళ్లీ మొదలు.
మూడోనాడు తలుపు
ఊడిన గోరులా అరచేతిలో పడింది.
రాగితీగ వంచి బందులు చేశాను.
మోకాలు ఇక్కడ పనికిరాదు,
చిటికెనవేలితో తోశాను.
కూర్చుంది. చప్పుడు లేదు.
చప్పుడు నేనే నోటితో చేశాను.
పిల్లి తలెత్తి చూసి మళ్లీ పడుకుంది.

ఎడమ తలుపా?
అది ఎక్‌హార్ట్‌ది.

లైనుకి అటు అతను, ఇటు నేను,
మధ్యలోంచి కారు వెనక కారు.
అతన్ని నేను ఎప్పుడూ
కారు లోపలి నుంచే చూశాను:
సీటు మీదుగా ఒక గడ్డం, రెండు చేతులు,
చలికాలంలో నోటి ఆవిరి.
ఆపిల్ కోసి సగం సీటు మీద పెడితే
అటునుంచి తీసుకునేవాడు.
ఒకరోజు మరిచాడు.
ఆ సగం ఆపిల్
పన్నెండేళ్లు వంతు కోసం ఎదురుచూసిన
ఎవరింటికో కారుతో పాటు వెళ్లిపోయింది.
వాళ్లేమనుకున్నారో.

లైను ఆగిపోయిన రోజు
మధ్యలో కారు లేదు.
మొదటిసారి ఒకరికొకరం నిలువునా కనబడ్డాం.
“ఇంత పొడుగా నువ్వు” అన్నాడు.
ఇంకేమనాలో తోచక
ఇద్దరం టోపీలు తీశాం.

ఎడమ గీత మీద బ్లేడు పెట్టలేదు.
పెన్సిలుతో మాత్రం కాస్త నల్లగా దిద్దాను,
అతని చూపు ఆనాలి కదా.
గురువారం పొద్దున రైలుకి ప్లావెన్ వెళ్తాను.
బిస్కెట్ డబ్బాలో దూది, దూదిలో కారు,
రంగు లేకుండానే, ఒంటికన్నుతోనే.
కొత్త బ్లేడు ఒకటి. రాగితీగ ముక్కలు రెండు.
కోటు జేబులో ఆపిల్.

అతని చేతులు వణుకుతున్నాయని
కూతురు ఫోనులో చెప్పింది.
వణకనీ.
కారు కదలకుండా నేను పట్టుకుంటాను,
కుడిపక్క నుంచి.